99 దగ్గర ఆగిపోయే కాపీ: లినక్స్‌లో యూఎస్‌బీ నెమ్మదిని ఎలా పట్టుకోవాలి

విజయనగరంలో సిరిమానోత్సవం మంగళవారంతో అయిపోతుంది. బుధవారం పొద్దున్నుంచి స్టూడియోల దగ్గర పెన్‌డ్రైవ్‌లు వరస కడతాయి. వీడియో కాపీకి పెడితే బార్ గబగబా 90 శాతం దాటేస్తుంది, 99 దగ్గరకొచ్చి కూర్చుండిపోతుంది. కౌంటర్ అవతల మనిషి "ఏటి బాబూ, ఇంకా అవ్వనేదేటి?" అంటాడు. సిస్టంలో లినక్స్ ఉంటే నింద దాని మీదకే పోతుంది. ఎక్కడో దొరికిన నాలుగు సెట్టింగులు మార్చేస్తారు. కాపీ మాత్రం అలాగే నడుస్తుంది.

సెట్టింగు ముట్టుకునే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి: నెమ్మది ఎక్కడుంది? కంప్యూటర్‌కీ డ్రైవ్‌కీ మధ్య దారి ఇరుగ్గా ఉందా, డ్రైవ్‌కే రాసుకునే సత్తా లేదా, లేక అంతా సరిగ్గానే ఉండి బార్ అబద్ధం చెబుతోందా? ఈ మూడింటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు.

కమాండ్ల గురించి ఒక మాట. ఫోన్లో ఒకరికొకరు చెప్పుకునేటట్టే, పలికే తీరులో ఇక్కడ రాశాం. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) వాటిని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. మాటకీ మాటకీ మధ్య ఒక స్పేస్. 'స్లాష్' అంటే ప్రశ్నార్థకం మీటలో కింద ఉండే వాలుగీత. దాని తర్వాత స్పేస్ ఉండదు. కొత్త మాట స్లాష్‌తోనే మొదలైతే దాని ముందు మాత్రం స్పేస్ ఉంటుంది. డాట్, అండర్‌స్కోర్, ఈక్వల్‌లకి అటూ ఇటూ స్పేస్ ఉండదు.

బార్ చెప్పే అబద్ధం

ధాన్యం ట్రాక్టరు మిల్లు ఆవరణలో దించగానే రైతు చేతికి కాటా చీటీ వచ్చేస్తుంది. మర ఆడి బియ్యం అవ్వడానికి ఇంకా చాలా టైముంటుంది. లినక్స్ కూడా కాపీ చేసే ఫైలుని ముందు ర్యామ్‌లోకి దించుకుని "అందింది" అని చీటీ ఇచ్చేస్తుంది. డ్రైవ్ మీద నిజంగా రాయడం వెనకాల నడుస్తూ ఉంటుంది. బార్ చూపించేది కాటా చీటీనే.

ఇలా ర్యామ్‌లో ఎంతవరకు నిలవ ఉంచుకోవచ్చన్నదానికి కెర్నెల్లో, అంటే లినక్స్ గుండెకాయలో, హద్దులుంటాయి. మామూలుగా అప్పటికి వాడుకోడానికి వీలున్న ర్యామ్‌లో 10 శాతం నిండగానే వెనకాల రాయడం మొదలవుతుంది. 20 శాతం చేరితే కాపీ చేస్తున్న ప్రోగ్రాంని ఆపి నిలబెడుతుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న సిస్టంలో 6 జీబీ ఖాళీగా ఉందనుకుంటే, సుమారు 1.2 జీబీ ర్యామ్‌లోనే ఆగి ఉండొచ్చు. సెకనుకి 10 ఎంబీ రాసే పెన్‌డ్రైవ్‌కి అది రెండు నిమిషాల పని. 99 దగ్గర ఆగినట్టు కనిపించేది ఆ రెండు నిమిషాలే.

దీన్ని కళ్లారా చూడొచ్చు. కాపీ నడుస్తుండగా టెర్మినల్ తెరిచి "వాచ్ మైనస్ఎన్1 గ్రెప్ మైనస్ఐ మైనస్ఈ డర్టీ మైనస్ఈ రైట్‌బ్యాక్ స్లాష్ ప్రోక్ స్లాష్ మెమ్‌ఇన్ఫో" అని కొట్టండి. మైనస్‌కీ పక్క అక్షరానికీ మధ్య స్పేస్ ఉండదు. డర్టీ, రైట్‌బ్యాక్ అనే వరసల్లో అంకెలు కేబీల్లో కనిపిస్తూ సెకనుకోసారి మారతాయి. మొదట అవి 12 లక్షల దాకా ఎగబాకుతాయి. బార్ 99 దగ్గర ఆగాక అక్కణ్నుంచి దిగుతాయి. ఆ రెండూ కలిపి సెకనుకి 10 వేలు తగ్గుతోందంటే డ్రైవ్ సెకనుకి 10 ఎంబీ రాస్తోందన్నమాట. 4 వేలే తగ్గుతోందా? డ్రైవ్ అసలు వేగం 4 ఎంబీ. ఇంకే ప్రోగ్రాం అక్కర్లేకుండా కొలత దొరికేసింది. వేరే పనులేవీ నడవకుండా చూసుకుంటే చాలు.

ఆ అంకెలు దాదాపు సున్నాకి దిగేదాకా డ్రైవ్ పీకకూడదు. లేదా "సింక్" అని కొట్టి ఎంటర్ నొక్కండి. కర్సర్ తిరిగి వచ్చేదాకా ఆగండి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో సరిగ్గా ఆ టైంలో కరెంటు పోతే, బార్ నిండిపోయినా ఫైలు సగమే ఉంటుంది. పెళ్లి వీడియో ఇంటికెళ్లి టీవీకి పెట్టాక సగంలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఈ నిలవ హద్దు తగ్గించుకోవచ్చు. "సుడో సిస్‌సీటీఎల్ మైనస్‌డబ్ల్యూ వీఎం డాట్ డర్టీ అండర్‌స్కోర్ బైట్స్ ఈక్వల్ 268435456" అంటే హద్దు 256 ఎంబీ అవుతుంది. ఈక్వల్‌కి అటూ ఇటూ స్పేస్ పెట్టకండి. అలాగే "వీఎం డాట్ డర్టీ అండర్‌స్కోర్ బ్యాక్‌గ్రౌండ్ అండర్‌స్కోర్ బైట్స్"కి 67108864, అంటే 64 ఎంబీ పెట్టండి. ఇప్పుడు 10 ఎంబీ డ్రైవ్‌కి చివర్లో ఎదురుచూపు అరనిమిషానికి మించదు. కాపీ నడుస్తుండగా మిగతా సిస్టం బిగుసుకుపోవడం కూడా తగ్గుతుంది. కానీ గుర్తుంచుకోండి, దీంతో డ్రైవ్ వేగం ఒక్క ఎంబీ కూడా పెరగదు. బార్ నిజం చెప్పడం మొదలెడుతుంది, అంతే. ఈ హద్దు లోపలి డిస్కులకీ వర్తిస్తుంది కాబట్టి వీడియో రెండరింగ్ చేసే సిస్టంలో మరీ చిన్న అంకె పెట్టకండి. రీస్టార్ట్ చేస్తే పాత హద్దులే తిరిగొస్తాయి. శాశ్వతంగా ఉండాలంటే ఆ రెండు వరసలనూ (వీఎం నుంచి అంకె దాకా మాత్రమే) "స్లాష్ ఈటీసీ స్లాష్ సిస్‌సీటీఎల్ డాట్ డీ" ఫోల్డర్లో డాట్ కాన్ఫ్‌తో ముగిసే పేరుతో ఫైలుగా పెట్టాలి.

కొంతమంది డ్రైవ్‌ని 'సింక్' ఆప్షన్‌తో మౌంట్ చెయ్యమంటారు (మౌంట్ అంటే డ్రైవ్‌ని సిస్టంకి తగిలించి తెరవడం). వద్దు. ప్రతి చిన్న ముక్కకీ ఫైళ్ల పట్టికను తిరగరాస్తూ ఉంటుంది. కాపీ ఇంకా నెమ్మదిస్తుంది, డ్రైవ్ లోపలి ఫ్లాష్ చిప్పు కూడా తొందరగా అరుగుతుంది.

దారి ఎంత వెడల్పు

బార్ సంగతి తేలాక దారి చూడాలి. డ్రైవ్ పెట్టి "ఎల్ఎస్‌యూఎస్‌బీ మైనస్‌టీ" కొట్టండి. చెట్టు కొమ్మల్లా వరసలు వస్తాయి. మీ డ్రైవ్ వరస 'మాస్ స్టోరేజ్' అన్న మాటతో ఉంటుంది, చివర్లో ఒక అంకె: 12ఎం, 480ఎం, 5000ఎం, 10000ఎం. ఇది సెకనుకి మెగాబిట్లలో కుదిరిన వేగం. 8తో భాగించి, మధ్యలో పోయే ఖర్చు తీసేస్తే చేతికొచ్చేది తెలుస్తుంది. 12ఎం అంటే సెకనుకి ఒక ఎంబీ. 480ఎం అంటే 30 నుంచి 40 ఎంబీ. 5000ఎం అంటే దారి 400 ఎంబీ దాకా ఇస్తుంది, ఇక మిగిలింది డ్రైవ్ సత్తా.

64 జీబీ కెమెరా కార్డు నిండా ఉందనుకోండి. 35 ఎంబీ వేగంతో అరగంట పడుతుంది. 10 ఎంబీ అయితే గంటా ముప్పావు. 12ఎంలో ఇరుక్కుంటే దాదాపు 18 గంటలు! అంత తేడా ఉన్నప్పుడు ఈ ఒక్క అంకె చూడకుండా ఇంకేదీ వెతకడం దండగ.

యూఎస్‌బీ 3.0 (వేగం రకం) డ్రైవ్‌ని 3.0 పోర్టులో పెట్టినా 2.0 (పాత రకం) వేగమైన 480ఎం చూపిస్తోందంటే పోర్టునీ ప్లగ్గునీ దగ్గరగా చూడండి. ఫోన్ టార్చి వెయ్యండి. ప్లగ్గు లోపల మూతి వైపు నాలుగు వెడల్పాటి రేకులు కనిపిస్తాయి, అవి 2.0వి. వాటికి వెనక, లోతుగా, ఐదు సన్నటి స్ప్రింగు రేకులుంటాయి. 3.0 వేగం ఆ ఐదింటి మీదుగానే నడుస్తుంది. అవి లోపల ఉంటాయి కాబట్టి ప్లగ్గు ఒక మిల్లీమీటరు బయట ఆగినా, లేక మెల్లగా నెట్టినా, ముందున్న నాలుగే తగిలి డ్రైవ్ 480తో సర్దుకుపోతుంది. దానికి ఎర్రరేమీ రాదు. తీసి, ఒక్క ఊపున పూర్తిగా లోపలికి నెట్టండి. మళ్లీ ఎల్ఎస్‌యూఎస్‌బీ చూడండి. చాలా 'నెమ్మది' కేసులు ఇక్కడే తీరిపోతాయి.

కళింగపట్నం, బారువ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకో బాధ ఉంది. ఉప్పుగాలికి రేకుల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. ఆ సన్నటి ఐదింటికి కొంచెం చిలుము చాలు, లింకు పడిపోవడానికి. సిస్టం ఆపి, కరెంటు తీగ పీకేసి, మెత్తటి బ్రష్షుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడవండి. పూర్తిగా ఆరాకే ఆన్ చెయ్యండి. సూదులూ పిన్నులూ పెట్టకండి, స్ప్రింగు వంగితే పోర్టే పోతుంది. వాడని పోర్టులకి రబ్బరు మూతలు పెట్టుకోవడం మేలు.

డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టులు వాడండి. అవి మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. ముందు పోర్టులు లోపల తీగల మీదుగా వస్తాయి. ఆ తీగ నాసిరకమైతే 3.0 నిలబడదు. కేబుల్ విషయంలోనూ అంతే. ఫోన్‌తో వచ్చిన టైప్-సీ ఛార్జింగ్ తీగల్లో చాలావాటికి 2.0 తీగలే ఉంటాయి, మూతి చూసి మోసపోకండి. 3.0 హార్డ్‌డిస్కుకి మీటరు లోపు కేబుల్ పెట్టుకుంటే గొడవుండదు.

హబ్ ఒక సంగతి. నాలుగు రంధ్రాలున్నా కంప్యూటర్‌కి వెళ్లే దారి ఒక్కటే. కార్డ్ రీడర్, పెన్‌డ్రైవ్ రెండూ ఒకే 2.0 హబ్‌కి పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ చేస్తే, చదివేదీ రాసేదీ అదే దారిలో పోవాలి. 35 ఉన్న వేగం 17కి పడుతుంది. ముందు లోపలి డిస్కుకి దించి, తర్వాత ఎక్కించండి.

స్టూడియో వాళ్లకి ఒక సలహా: ఏదైనా ఒకటే కొనాలంటే 3.0 కార్డ్ రీడర్ కొనండి. మామూలు యూహెచ్ఎస్-1 రకం ఎస్‌డీ కార్డు దారి 104 ఎంబీ దాకా ఇవ్వగలదు. పాత రీడర్ దాన్ని 35 దగ్గర తొక్కిపెడుతుంది.

డ్రైవ్ సత్తా

దారి 5000ఎం చూపిస్తున్నా కాపీ 8 ఎంబీ దగ్గరే ఉందంటే డ్రైవే నెమ్మది. డబ్బా మీద '3.0' అని ఉండటం దారి గురించి చెప్పే మాట. లోపల ఫ్లాష్ ఎంత వేగంగా రాసుకుంటుందో చెప్పదు. డబ్బా మీద పెద్దగా అచ్చేసే అంకె చాలాసార్లు చదివే వేగం. రాసే వేగం అందులో పదో వంతు ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

కొలవడం ఇలా. డ్రైవ్ తెరిచిన ఫోల్డర్లోనే టెర్మినల్ తెరవండి. "డీడీ ఐఎఫ్ ఈక్వల్ స్లాష్ డెవ్ స్లాష్ జీరో ఓఎఫ్ ఈక్వల్ పరీక్ష బీఎస్ ఈక్వల్ 4ఎం కౌంట్ ఈక్వల్ 1000 ఓఫ్లాగ్ ఈక్వల్ డైరెక్ట్ స్టేటస్ ఈక్వల్ ప్రోగ్రెస్". ఇక్కడ 4 పక్కనున్న ఎం ఒక్కటే పెద్దక్షరం. 'పరీక్ష' అన్నచోట టెస్ట్ అనో ఇంకేదో ఇంగ్లీషు పేరు పెట్టుకోండి. ఓఎఫ్ తర్వాత ఫైలు పేరే ఉండాలి. అక్కడ పొరపాటున స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ లాంటిది పెడితే డ్రైవ్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, ఎస్‌డీఏ పెడితే చాలా సిస్టంలలో మీ లోపలి డిస్కే పోతుంది. వెయ్యికి మించి ఎందుకు వద్దంటే ఇది 4000 ఎంబీ. చాలా పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. 'ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని వస్తే ఓఫ్లాగ్ ముక్క తీసేసి "కాన్వ్ ఈక్వల్ ఎఫ్‌సింక్" పెట్టండి. అప్పుడు మధ్యలో కనిపించే వేగాన్ని కాక, చివర్లో వచ్చే సగటునే నమ్మాలి.

అంకెని మొదటి నిమిషం వరకే చూసి వదిలెయ్యకండి. చాలా పెన్‌డ్రైవ్‌లలో కొంత భాగం వేగంగా రాసుకునే తాత్కాలిక జాగాలా పనిచేస్తుంది. అది నిండేదాకా 80 ఎంబీ చూపించి, నిండగానే 12కి పడిపోతుంది. వేడెక్కినా అంతే. చిన్న లోహపు ఒంటి డ్రైవ్‌లు పదిహేను నిమిషాల కాపీకి చెయ్యి పెట్టలేనంత కాలుతాయి. దీనికి సెట్టింగు మందు లేదు. ఖాళీ ఇచ్చి రాయాలి, లేదా పెద్ద కాపీలకి యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ వాడుకోవాలి.

జాతరల్లోనూ రోడ్డు పక్కనా చవగ్గా అమ్మే '2 టీబీ' పెన్‌డ్రైవ్‌లది ఇంకో కథ. లోపల 16 జీబీ, 32 జీబీ మాత్రమే ఉండి, పైకి 2 టీబీ అని చెప్పేలా మార్చేస్తారు. అసలు జాగా నిండాక రాసినదల్లా గాల్లో కలిసిపోతుంది. ఎఫ్3 అనే ప్యాకేజీ వేసుకుని, డ్రైవ్ మౌంట్ అయిన చోటుకి ఎఫ్3రైట్ నడిపి, తర్వాత ఎఫ్3రీడ్ నడిపితే నిజంగా ఎంత నిలిచిందో చెప్పేస్తుంది. డ్రైవ్ నిండా రాస్తుంది కాబట్టి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు మొదట బాగా నడిచి, సగం నిండాక చెరిపి రాసేటప్పుడు మొరాయిస్తే, అది ఎస్ఎంఆర్ రకం కావచ్చు. వాటిలో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీదొకటి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి. అలాంటి డిస్కు దాచుకోడానికి బాగానే ఉంటుంది, రోజూ ఎడిటింగుకి పనికిరాదు.

ఫార్మాటూ, చిన్న ఫైళ్లూ

"ఫైండ్‌మౌంట్" (మౌంట్ స్పెల్లింగు ఎంఎన్‌టీ) కొడితే డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూపిస్తుంది. 'ఫ్యూజ్‌బీఎల్‌కే' అని ఉంటే చాలామటుకు విండోస్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్‌ని చదివే ఎన్‌టీఎఫ్ఎస్-3జీ నడుస్తోందని అర్థం. అది కెర్నెల్ బయట నడిచే డ్రైవర్, పాత సెలెరాన్ సిస్టంలో ప్రాసెసర్‌ని బాగా తినేస్తుంది. టాప్ కమాండ్‌లో 'మౌంట్ డాట్ ఎన్‌టీఎఫ్ఎస్' పైన కూర్చుందంటే నెమ్మది అక్కడే. 2021లో వచ్చిన 5.15 కెర్నెల్ నుంచి ఎన్‌టీఎఫ్ఎస్3 అనే లోపలి డ్రైవర్ ఉంది. మౌంట్ చేసేటప్పుడు "మైనస్‌టీ ఎన్‌టీఎఫ్ఎస్3" అంటే చాలు. డిస్కు శుభ్రంగా లేదని అది మౌంట్‌కి ఒప్పుకోకపోతే బలవంతం చెయ్యకండి, ఒకసారి విండోస్‌లో పెట్టి చెక్‌డిస్క్ నడపండి. ఎక్స్‌ఫ్యాట్‌కి ఇప్పటి లోపలి డ్రైవర్ 5.7 కెర్నెల్‌తో వచ్చింది. అంతకన్నా పాతదైతే సిస్టం అప్‌డేట్ చేసుకోవడమే మేలు. డ్రైవ్ లినక్స్ సిస్టంల మధ్యే తిరిగేదైతే ఈఎక్స్‌టీ4 పెట్టుకోండి. టీవీకి పెట్టాలంటే ఎఫ్ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్.

ఒక 2 జీబీ వీడియో నిమిషంలో వెళ్లి, అదే 2 జీబీ ఫొటోల ఫోల్డర్ పది నిమిషాలు పట్టిందా? అది రోగం కాదు. ప్రతి ఫైలుకీ పట్టికలో పేరు, జాగా, టైము రాయాలి. ఫ్లాష్‌కి అలా చిన్న చిన్న రాతలంటే పడదు. "టార్ మైనస్‌సీఎఫ్" తో ఫోల్డర్‌ని డ్రైవ్ మీదకే ఒకే ఫైలుగా కట్టండి. ఫొటోలని జిప్‌తో కుదించబోకండి, జేపీఈజీ తగ్గేదేం ఉండదు. రోజూ అదే ఫోల్డర్ బ్యాకప్ అయితే "ఆర్‌సింక్ మైనస్ఆర్‌టీ మైనస్ మైనస్ మోడిఫై మైనస్ విండో ఈక్వల్ 1" (రెండు మైనస్‌ల నుంచి 1 దాకా స్పేస్ లేకుండా) వాడితే మారినవే వెళ్తాయి. ఆ విండో ఎందుకంటే ఎఫ్ఏటీ ఫైలు టైముని రెండేసి సెకన్ల లెక్కన దాస్తుంది. అది పెట్టకపోతే మారని ఫైళ్లు కూడా మారినట్టే కనిపించి మళ్లీ కాపీ అవుతాయి.

ఆగి ఆగి నడిచే డిస్కు

వేగం ఒకే తీరుగా తక్కువ ఉండటం వేరు. బాగా నడుస్తూ అరనిమిషం పూర్తిగా ఆగి, మళ్లీ నడవడం వేరు. రెండోది కనిపిస్తే లాగ్ చూడాలి: "సుడో డీఎంఈఎస్‌జీ మైనస్‌డబ్ల్యూ" కొట్టి, పక్కన కాపీ నడపండి. ఆగిన ప్రతిసారీ 'రీసెట్ సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ డివైస్' అని వరస పడుతోందంటే లింకు తెగి అతుక్కుంటోంది. ముందు కేబుల్ మార్చండి, తర్వాత వెనక పోర్టు. 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంప్సే, 3.0 అయితే 900. తిరిగే హార్డ్‌డిస్కు మొదలయ్యేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాగొచ్చు. టిక్ టిక్ మంటుంటే కరెంటు సొంతంగా ఉన్న హబ్ మీద పెట్టి చూడండి.

రీసెట్ వరసల పక్కనే 'యూఏఎస్' తో మొదలయ్యే అబార్ట్ మాటలు కూడా ఉంటే, డిస్కు డబ్బాలోని బ్రిడ్జ్ చిప్‌కి యూఏఎస్ అనే కొత్త పద్ధతి సరిగ్గా రావట్లేదని అనుమానించాలి. మామూలు ఎల్ఎస్‌యూఎస్‌బీలో ఐడీ అన్నమాట పక్కన నాలుగేసి అక్షరాలు కోలన్‌తో కలిపి ఉంటాయి, అవి రాసుకోండి. "స్లాష్ ఈటీసీ స్లాష్ మాడ్‌ప్రోబ్ డాట్ డీ" లో ఒక డాట్ కాన్ఫ్ ఫైలు పెట్టి "ఆప్షన్స్ యూఎస్‌బీ-స్టోరేజ్ క్విర్క్స్ ఈక్వల్" తర్వాత ఆ ఐడీ, కోలన్, యూ అని రాయండి. ఉబుంటు, మింట్ అయితే "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మైనస్‌యూ" నడిపి రీస్టార్ట్ చెయ్యండి. లాగ్‌లో ఆ మాటలు లేనప్పుడు దీని జోలికి పోకండి. బాగున్న డిస్కుకి యూఏఎస్ తీసేస్తే ఉన్న వేగం కూడా పోతుంది.

'ఐ/ఓ ఎర్రర్', 'మీడియం ఎర్రర్' అన్న మాటలు వచ్చాయా? ఇక వేగం గురించి కాదు, డేటా గురించి ఆలోచించాలి. "సుడో స్మార్ట్‌సీటీఎల్ మైనస్‌డీ శాట్ మైనస్ఏ" తర్వాత డిస్కు పేరు ఇచ్చి చూడండి. రీఅలొకేటెడ్, కరెంట్ పెండింగ్ అనే వరసల చివరి అంకెలు సున్నా కాకపోతే రిపేర్ కమాండ్లేవీ నడపకుండా ముందు ముఖ్యమైనవి బయటికి తీసుకోండి. చదవనని మొండికేస్తే జీఎన్‌యూ డీడీరెస్క్యూతో వేరే డిస్కు మీదకి కాపీ తీసి, ఆ కాపీ మీద పని చెయ్యాలి.

ఫోన్‌నుంచి అయితే

ఫోన్‌ని కేబుల్‌తో కలిపినప్పుడు నడిచేది ఎంటీపీ. అది డిస్కు కాదు, ఫైలు తర్వాత ఫైలు అడిగి తెచ్చుకునే పద్ధతి. వేల ఫొటోలున్న కెమెరా ఫోల్డర్ తెరవడానికే నిమిషాలు పడుతుంది. ఫైల్ మేనేజర్ బొమ్మలు గీసుకుంటుంటే ఇంకా నెమ్మది. ఫోన్లో డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగింగ్ ఆన్ చేసి, కంప్యూటర్‌లో ఏడీబీ (ఆండ్రాయిడ్ ఫోన్‌తో మాట్లాడే ప్రోగ్రాం) వేసుకుని "ఏడీబీ పుల్ స్లాష్ ఎస్‌డీకార్డ్ స్లాష్ డీసీఐఎం" అనండి. ఎస్‌డీకార్డ్ చిన్న అక్షరాల్లో, డీసీఐఎం పెద్ద అక్షరాల్లో. మొదటిసారి ఫోన్ తెర మీద అనుమతి అడుగుతుంది, ఒప్పుకోవాలి. పని అయ్యాక డీబగింగ్ ఆపెయ్యండి.